రెండు విడతల మూర్ఖత్వం

మూర్ఖత్వం నాకు చదువుతోపాటే వచ్చింది. అంతకుముందు నేను మామూలు తెలివితక్కువవాణ్ణే. మామూలు తెలివితక్కువతనంతో లోకానికి పెద్ద నష్టం లేదు. సంతకు పోయి బేరం చెడగొట్టుకొస్తాం, ఇంట్లో నాలుగు తిట్లు తింటాం, అంతటితో సరి. చదువుతో వచ్చే రకం అలా ఊరుకోదు. పక్కనున్న వాళ్లందర్నీ సరిదిద్దాలని చూస్తుంది.

మాది అనంతపురం జిల్లాలో దూదేకుల ఇల్లు. ఇంట్లో మాట తెలుగే. ఉర్దూ మా జేజికి రెండు తిట్ల వరకే వచ్చు. మొహర్రం వచ్చిందంటే పీర్ల చావిడికి సున్నం కొట్టడం, గూగూడు కుళ్లాయిస్వామికి మొక్కులు, చక్కెర చదివింపులు, అలావ తవ్వి కట్టెలు పేర్చడం. ఆ పనుల్లో మాకంటే రెడ్లు, బోయలు, కురుబలే ఎక్కువమంది. పీరును ఎత్తుకునే మనిషి నిప్పుల మీద నడిచే ముందు పక్కనున్న ఆంజనేయుడికి దండం పెట్టుకోవడం చూశాను. అందులో వింత ఏదైనా ఉందని ఇరవయ్యో ఏటి దాకా నాకు తోచలేదు.

హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతుండగా 1992 డిసెంబరు వచ్చింది. అయోధ్యలో మసీదు కూలింది. అంతవరకు నేను ముస్లింనన్న సంగతి నాకు పండగలకే గుర్తొచ్చేది. ఆ తర్వాత హాస్టల్లో మిగతావాళ్లు రోజూ గుర్తుచేశారు. భయమేసింది. భయపడ్డ కుర్రాడికి వెచ్చగా ఒక గది దొరికింది. ఏ సంస్థ బోర్డూ లేదు, ఎవరో సీనియర్లు తీసుకున్న గది. టీ ఉండేది, సమోసాలుండేవి, పుస్తకాలుండేవి. పుస్తకాల్లో ఎక్కువ భాగం మౌదూదీ అనే ఆయన రాసినవి.

ఆ పుస్తకాలు నన్ను ఎందుకు పట్టేశాయో ఇప్పుడు చెప్పగలను. మా ఊరి హజ్రత్‌ను ఏదడిగినా "పెద్దలు అట్ల చెప్పినారు నాయనా" అనేవాడు. ఈ పుస్తకాల్లో ప్రతిదానికీ కారణం ఉంది. పునాది, స్తంభాలు, కప్పు, దేనికి ఏది ఆధారమో లెక్క ఉంది. ఇస్లాం అంటే జీవితానికంతటికీ ఒక వ్యవస్థ, ఆ వ్యవస్థకు రాజ్యం కావాలి, రాజ్యం చేతిలో లేని మతం సగం మతమే అన్నది వాటి సారం. స్ట్రక్చరల్ డిజైన్ పాఠం చదివే వాడికి ఇది నచ్చకుండా ఎలా ఉంటుంది? పైగా ఖుర్ఆన్‌లోని నాలుగు మూల పదాల మీద రాసిన పుస్తకంలో మౌదూదీ ఇంకో మాట అన్నాడు. ఆ పదాల అసలు అర్థం శతాబ్దాలుగా ముస్లింలకే మరుగున పడిపోయిందట. నీ తాతముత్తాతలకు తెలియనిది నీకు తెలిసింది అని ఎవరైనా చెబితే, ఇరవై ఏళ్ల వయసులో అంతకంటే తియ్యటి మాట ఇంకొకటి ఉండదు.

సెలవులకు ఊరికి పోయి నా జ్ఞానాన్ని ముందుగా జేజి మీద ప్రయోగించాను. గురువారం సాయంత్రం గూట్లో దీపం పెట్టి, ఊదు వేసి, మలీదా గిన్నె ముందు పెట్టుకుని హజ్రత్ కోసం కాచుక్కూచుంది.

"జేజీ, ఇది షిర్క్."

"అదేంది రా?"

"దేవునికి జోడు పెట్టడం."

"నేను జోడెక్కడ పెట్టినా? మలీదా పెట్టినా."

నాకు కోపమొచ్చింది. ఊదు మీద నీళ్లు పోశాను. ఆ పొగ కళ్లలోకి పోయి జేజి కొంగుతో తుడుచుకుంటోంది. ఏడిపించానేమోనని ఒక్క క్షణం కూడా అనుకోలేదు. తౌహీద్, అంటే దేవుడొక్కడే అన్న మాట, గెలిచిందనుకున్నాను. కొన్నేళ్లకు ఆమె పోయినప్పుడు నలభయ్యో దినం ఫాతిహా జరగనీయలేదు. నాయన ఎదురు చెప్పలేదు. నా మాటకు విలువిచ్చారనుకున్నాను. అందరూ కలిసి పక్కూళ్లో మా మేనత్త ఇంట్లో, నాకు తెలియకుండా, ఊరందరికీ అన్నం పెట్టి ఫాతిహా చేయించారని తర్వాతెప్పుడో తెలిసింది. నన్ను దాటి పోవడం వాళ్లకు అంత సులువుగా చేతనయింది.

జేజితో అయ్యాక స్నేహితుడి వంతు. రెడ్ల పిల్లవాడు. వాళ్లమ్మ మొక్కుకుని వాడికి కుళ్లాయిస్వామి పేరే పెట్టింది. అంటే మా ఇద్దరిలో పీరు పేరున్నవాడు వాడే. చెరువు గట్టు మీద కూచుని మా వ్యవస్థ ఎంత న్యాయమైనదో గంటసేపు చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"సరే, మీ రాజ్యం వచ్చిందనుకో. నా సంగతేంది?"

ఈ ప్రశ్నకు జవాబు నాకు కంఠతా వచ్చు. నీ ప్రాణానికి, ఆస్తికి, గుడికి రక్షణ. సైన్యంలో చేరక్కర్లేదు. బదులుగా జిజియా అని చిన్న పన్ను. ఆడవాళ్లకు, పిల్లలకు, పేదలకు, సన్యాసులకు అదీ లేదు. పెద్ద పదవులు మాత్రం సిద్ధాంతాన్ని నమ్మినవాళ్లకే, అది ఏ సిద్ధాంత రాజ్యంలోనైనా మామూలే. ఇంత ఉదారంగా ఇంకెవరిస్తారు అన్నట్టు చూశాను.

"అంటే మా ఊర్లో నేను బాడుగకుంటానన్నమాట," అన్నాడు వాడు. గట్టు మీద గడ్డిపరక పీకుతూ, కోపం లేకుండానే అన్నాడు.

"ఛీ, నీ గురించి కాదులేరా. నువ్వు మావాడివి."

ఈ జవాబు ఎంత నీచమైనదో తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఆ గదిలో మేం రోజూ అనుకునే మాట ఒకటుంది. జేజిలాంటి వాళ్లది కల్తీ ఇస్లాం, మాది అసలైన పాత ఇస్లాం. తేదీలు చూసుకుని ఉంటే బాగుండేది. మౌదూదీ 1903లో ఔరంగాబాదులో, అంటే నిజాం రాజ్యంలోనే పుట్టాడు. వృత్తికి పత్రికా రచయిత. తన సిద్ధాంతానికి నోరైన 'తర్జుమానుల్ ఖుర్ఆన్' పత్రికను 1930లలో నడపడం మొదలుపెట్టింది మేం సమోసాలు తిన్న హైదరాబాదులోనే. జమాఅతె ఇస్లామీని లాహోర్‌లో స్థాపించింది 1941లో. ఈజిప్టులో ఇదే దారి తొక్కిన హసనుల్ బన్నా బడిపంతులు, 1928లో ముస్లిం బ్రదర్‌హుడ్‌ను పెట్టాడు. సయ్యద్ ఖుతుబ్ విద్యాశాఖ ఉద్యోగి, సాహిత్య విమర్శకుడు. అందరూ నాలాంటి చదువుకున్నవాళ్లే. నేను తెచ్చిన అసలైన పాత ఇస్లాం మా నాయనకంటే కాస్త పెద్దది, మా జేజికంటే బాగా చిన్నది.

పాతకాలపు పండితులెవరో నిజంగా చూడాలనుకుంటే దూరం పోనక్కర్లేదు. దేవబంద్‌ మదరసాలో హదీసు పాఠం చెప్పిన హుసేన్ అహ్మద్ మదనీ ఉన్నాడు. మదీనాలో పాఠాలు చెప్పినవాడు, బ్రిటిష్‌వాళ్ల ఖైదీగా మాల్టాలో ఉన్నవాడు. గడ్డం, తలపాగా, అన్నీ మా గదిలో మేం "వెనకబడ్డవాళ్లు" అని నవ్వుకునే బాపతు. ఆయన 1938లో ఉమ్మడి జాతీయత మీద పుస్తకం రాశాడు. ఒక నేల మీద బతికే వేరువేరు మతాలవాళ్లు ఒక్క జాతి కావచ్చు, ప్రవక్త మదీనాలో యూదులతో కలిసి చేసుకున్న ఒడంబడికే అందుకు సాక్ష్యం అన్నాడు. దాన్ని ఉతికి ఆరేసినవాడు మౌదూదీ. నేను మౌదూదీ విమర్శ పూర్తిగా చదివాను. మదనీ పుస్తకం తెరిచి కూడా చూడలేదు. ఎందుకు చూడాలి? అట్టమీద బొమ్మ ముసలివాడిది.

నన్ను ఈ మత్తులోంచి లేపింది ఏ సూఫీ గురువూ కాదు, ఒక ప్రభుత్వ నివేదిక. 1953లో పాకిస్తాన్ పంజాబులో అహ్మదీయుల మీద అల్లర్లు జరిగాయి. వాళ్లను ముస్లింలు కారని ప్రకటించాలని, అహ్మదీయుడైన విదేశాంగమంత్రి జఫరుల్లా ఖాన్‌ను తీసెయ్యాలని గొడవ. లాహోర్‌లో సైనిక పాలన పెట్టారు. ఆ సందర్భంలో రాసిన కరపత్రానికి మౌదూదీకి మరణశిక్ష వేసి, తర్వాత తగ్గించారు. అల్లర్ల మీద విచారణ జరిపినవాళ్లు జస్టిస్ మునీర్, జస్టిస్ కయానీ. 1954లో నివేదిక ఇచ్చారు. ఉద్యోగంలో చేరాక, ఆఫీసులో ఒక పెద్దాయన "మీవాళ్ల గురించే, చదువు" అని ఇస్తే చదివాను.

ఆ జడ్జీలు ఉలమాలను, అంటే మత పండితులను, ఒక్కొక్కరినే పిలిచి ముస్లిం అంటే ఎవరని అడిగారు. ఏ ఇద్దరి జవాబూ కలవలేదు. అక్కడ నవ్వుకున్నాను. తర్వాత ఇంకో ప్రశ్న ఉంది. మీరు ఇక్కడ మత రాజ్యం పెట్టుకుంటే, సరిహద్దుకు అవతల హిందువులు కూడా తమ మత రాజ్యం పెట్టుకుని, మను ధర్మం ప్రకారం అక్కడి ముస్లింలను చూస్తే మీకు సమ్మతమేనా? మౌదూదీ తడుముకోలేదు. అభ్యంతరం లేదన్నాడు. ఇండియాలో ముస్లింలను శూద్రులుగా, మ్లేచ్ఛులుగా చూసినా, పాలనలో భాగం, పౌరహక్కులు తీసేసినా అభ్యంతరం లేదన్నాడు. అలాంటి జవాబే ఇచ్చినవాళ్లు ఇంకా ఉన్నారు.

ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఆ ఏడాది మా నాయన పలకాబలపం పట్టుకుని బడికి పోతున్న పిల్లవాడు. జేజి దూది ఏకుతోంది. వాళ్లనడక్కుండా లాహోర్‌లో ఒకాయన వాళ్ల తరఫున సంతకం పెట్టేశాడు. ఆ సంతకం పెట్టిన మనిషి మాటలు పట్టుకుని నేను ఆ జేజి ఊదు మీద నీళ్లు పోశాను. లెక్క ప్రకారం ఆయన జవాబులో తప్పు లేదు, అదే నన్ను ఎక్కువ కుంగదీసింది. నా స్నేహితుణ్ణి బాడుగకు పెట్టే సిద్ధాంతం నిజాయితీగా నడిస్తే నేను కూడా బాడుగకే ఉండాలి. ఆయనకున్న నిజాయితీ నాకు లేదు. "నీ గురించి కాదులేరా" అన్నవాణ్ణి కదా.

ఒక మాట చెప్పాలి. దేశవిభజన తర్వాత ఇండియాలో జమాఅత్ వేరే సంస్థగా వేరే దారిన నడిచింది, ఇక్కడివాళ్లు రాజ్యాంగం గురించి మాట్లాడే పద్ధతి లాహోర్ పద్ధతి కాదు. అందులో పదిహేనేళ్లదాకా ఉండి 1963లో బయటికొచ్చి, మౌదూదీ మతాన్ని రాజకీయంగా చదివాడని పుస్తకమే రాసిన మౌలానా వహీదుద్దీన్ ఖాన్ ఉన్నాడు. అందర్నీ ఒకే గాటన కట్టడం నా పాత జబ్బు.

ఆ జబ్బే రెండో విడతలో బయటపడింది.

మౌదూదీని వదిలేసినవాణ్ణి ఊరికే ఉండొచ్చు కదా. ఉండలేకపోయాను. ఈసారి జేజి పక్షాన నిలబడి ఉపన్యాసాలు మొదలుపెట్టాను. సంప్రదాయ ఇస్లాం అంటే ప్రేమ, దర్గా, ఖవ్వాలీ, రొట్టెల పండుగ. రాజకీయ ఇస్లాం అంటే ద్వేషం, తుపాకీ. సాహిత్య సభల్లో ఇది బాగా పండేది. హిందూ మిత్రులు చప్పట్లు కొట్టేవాళ్లు. కడపలో ఉగాదినాడు ముస్లింలు దేవుని కడప వెంకన్నను దర్శించుకోవడం ఒకటి చెప్పి, వెంటనే డమాస్కస్‌కు వెళ్లేవాణ్ణి. 1860 జూలైలో అక్కడ క్రైస్తవుల మీద గుంపులు పడ్డప్పుడు, ఫ్రెంచివాళ్లతో ఏళ్ల తరబడి యుద్ధం చేసి ఓడిన అల్జీరియా అమీర్ అబ్దుల్ ఖాదిర్ తన మనుషులతో వీధుల్లోకి వచ్చి వేలమంది క్రైస్తవులను కాపాడాడు. ఆయన ఖాదిరీ సూఫీ. ఇంకేం కావాలి?

2011 జనవరి 4న ఇస్లామాబాదులో పంజాబు గవర్నర్ సల్మాన్ తాసీర్‌ను ఆయన అంగరక్షకుడే కాల్చి చంపాడు. ఆసియా బీబీ అనే క్రైస్తవ కూలిమనిషి వైపు మాట్లాడటం, దైవదూషణ చట్టాన్ని తప్పుపట్టడం తాసీర్ చేసిన నేరం. పొలంలో తాగునీళ్ల దగ్గర తోటి కూలీలతో మొదలైన మాటామాటా ఆమెను ఉరిశిక్ష దాకా తీసుకుపోయింది. ఆ నెలలోనే నాకొక సభ. మైకు ముందు నిలబడి, ఇదిగో, దర్గాలను ద్వేషించే వహాబీ భావజాలం చేసే పని ఇదీ అని గొంతు పెంచాను. సభ అయ్యాక రిటైరైన ఉర్దూ మాస్టారొకరు దగ్గరికొచ్చారు. నన్ను పక్కకు పిలిచి చెప్పడం ఆయన మర్యాద.

"బేటా, ఆ చంపిన ముంతాజ్ ఖాద్రీ బరేల్వీ. మన దర్గా బాపతే. తాసీర్ జనాజా నమాజు చదవొద్దు, సంతాపం కూడా చెప్పొద్దు అని ఐదొందలమంది దాకా బరేల్వీ ఉలమాలు ప్రకటన ఇచ్చినారు. నువ్వు పేపరు చదివినావా?"

చదవలేదు. చదవకుండానే నా గీతకు అటువైపు పడేశాను. 2016లో ఖాద్రీని ఉరితీశారు. ఇస్లామాబాద్ దగ్గర అతనికి సమాధి కట్టారు. దాని మీద చాదర్లు కప్పుతారు, పూలు చల్లుతారు, మొక్కుకుంటారు. ఫొటో చూశాను. మా జేజి పెట్టే ఊదులాంటిదే అక్కడా పొగలేస్తోంది.

అది చాలదన్నట్టు మాస్టారు ఇంకో మాట చెప్పారు. ముస్లిమేతరుడు దూషణ చేస్తే అంతమాత్రాన అతనికిచ్చిన రక్షణ ఒడంబడిక రద్దు కాదనీ, మరణశిక్ష తప్పనిసరి కాదనీ అబూ హనీఫా మతం. పాకిస్తాన్‌లో ఎక్కువమంది, బరేల్వీలు సహా, ఆయన దారిన నడిచే హనఫీలే. అంటే వందల ఏళ్లనాటి పుస్తకంలో ఆసియా బీబీకి చోటుంది. 1986లో పార్లమెంటు చేసిన 295-సి అనే దైవదూషణ సెక్షన్లో లేదు. ఆ సెక్షన్ కోసం వీధిలోకి వచ్చినవాళ్లు మాత్రం ఆ పాత పుస్తకాన్ని తలకెత్తుకునేవాళ్లే. సంప్రదాయం, ఆధునికం అని నేను గీసిన గీత ఇప్పుడు ఎక్కడ పెట్టాలి? అహ్మదీయుల సంగతీ అంతే. 1974లో వాళ్లు ముస్లింలు కారని రాజ్యాంగంలో రాసింది గడ్డం లేని, సూటు వేసుకునే భుట్టో హయాంలోని పార్లమెంటు. 1984లో జియా ఉల్ హక్ దానికి జైలుశిక్ష జోడించాడు. వాళ్లు తమ ప్రార్థనాస్థలాన్ని మసీదు అన్నా నేరమే, అజాన్ ఇచ్చినా నేరమే. పాత కాజీల్లో కఠినులు ఉండేవాళ్లు, మెత్తనివాళ్లూ ఉండేవాళ్లు. నాలుగు మజ్‌హబ్‌ల, అంటే న్యాయ సంప్రదాయాల, మధ్య సందులుండేవి, ఆ సందుల్లోంచి మనుషులు బతికిపోయేవాళ్లు. ప్రభుత్వం వాటిలోంచి ఒకటేరుకుని సెక్షన్ నంబరు వేసి, పోలీస్ స్టేషన్‌లో పెట్టాక సందులు మూసుకుపోయాయి.

ఇంటికొచ్చి డమాస్కస్ కథ కూడా మళ్లీ చదివాను, ఈసారి మొత్తం. లెబనాన్ కొండల్లో డ్రూజులకు, మారొనైట్ క్రైస్తవులకు మొదలైన పోరు సెగ నగరానికి తగిలిన మాట నిజం. కానీ నగరంలో కడుపుమంట అంతకుముందే ఉంది. 1856లో ఉస్మానీ సుల్తాను ఫర్మానా ఇచ్చి ముస్లిమేతరులు చట్టం ముందు సమానులే అన్నాడు, జిజియా తీసేశాడు. నిన్నటిదాకా అణిగి ఉన్నవాడు ఈ రోజు సమానమంటున్నాడే అన్నదే ఆ మంట. కాపాడిన అమీరూ పాత ఇస్లాం మనిషే, తలుపులు పగలగొట్టిన గుంపులోని వాళ్లూ పాత ఇస్లాం మనుషులే. మౌదూదీ అప్పటికి పుట్టలేదు. ఎన్ని సభల్లో ఆ గుంపును కథలోంచి తప్పించి, గుర్రం మీద అమీరును ఒక్కణ్ణే నిలబెట్టానో!

పాత ఏర్పాటులో రక్షణ ఉంది, చులకనా ఉంది. రెండూ ఒకే కాగితం మీద రాసుకున్నవే. అక్బరు 1564లో జిజియా తీసేస్తే ఔరంగజేబు 1679లో మళ్లీ వేశాడు. ఇద్దరి దర్బారుల్లోనూ పండితులుండేవాళ్లు. గోల్కొండలో తానీషా దగ్గర మాదన్న ప్రధాని కాగలిగాడు. సంప్రదాయం అందుకు ఒప్పుకుందని కాదు, సుల్తానుకు పని గడవాలి గనక. ఇస్లామిస్టులు ఆ కాగితంలోంచి చులకనను తీసుకుని, దాన్ని సిద్ధాంతమని పేరు పెట్టి పాలిష్ చేశారు. నేను రక్షణను మాత్రం కత్తిరించుకుని ఫ్రేము కట్టించుకున్నాను. కత్తెర ఇద్దరి చేతిలోనూ ఉంది.

మరి మా ఊళ్లో ఉన్నదేమిటి? పీర్ల చావిడిని నేను ఉపన్యాసాల్లో "సంప్రదాయ ఇస్లాం" అనేవాణ్ణి. అది ఏ మదరసా గ్రంథంలోనూ లేదు. దేవబంద్‌వాళ్లూ ఒప్పుకోరు, బరేలీవాళ్లూ పూర్తిగా ఒప్పుకోరు. అసలు విషయం చాలా మామూలుది. అక్కడ హిందువుల మీద రాజ్యం చేసేంత బలం మాకు లేదు, మమ్మల్ని వెళ్లగొట్టాల్సిన అవసరం వాళ్లకు కలగలేదు. వానలు పడకపోతే ఇద్దరూ ఒకే చోట మొక్కుకోవాలి. జేజికి సిద్ధాంతం లేదని వెక్కిరించాను మొదట. తర్వాత ఆమెకో సిద్ధాంతం అంటగట్టి ఊరేగించాను. రెండుసార్లూ ఆమెను అడగలేదు.

ఇప్పుడు సభలకు పిలిస్తే పోవడం తగ్గించాను. పోయినా డమాస్కస్ చెప్పను, చెప్తే మొత్తం చెప్తాను, దానికి చప్పట్లు రావు.

చెరువు గట్టు మీది స్నేహితుడు ఇప్పుడు మండల స్థాయి నాయకుడు. వాట్సాప్‌లో వీడియోలు పంపుతాడు. ఈ మధ్య పంపిన దాంట్లో ఒకాయన ఆవేశంగా చెబుతున్నాడు, ఈ దేశంలో ముస్లింలు ఉండొచ్చట, హద్దుల్లో ఉండాలట, ఓటు సంగతి ఆలోచించాలట. ఆయన మాట తీరు నాకు బాగా తెలుసు. పునాది, స్తంభాలు, కప్పు, అన్నీ ఉన్నాయి. వెంటనే ఫోన్ చేశాను.

"ఏం రా, అయితే నేను బాడుగకుండాల్నా?"

కాసేపు మాట్లాడలేదు. గుర్తొచ్చిందో లేదో తెలియదు.

"ఛీ, నీ గురించి కాదులేరా," అన్నాడు.

ఆ రోజు ఫోన్లో బాగా పోట్లాడుకున్నాం. మునీర్ నివేదిక గురించి చెప్పబోతే, పాకిస్తాన్ మాట నాకెందుకన్నాడు. నువ్వు మొదలుపెట్టలేదా అని చెరువు గట్టు ఎత్తాడు. అంటే గుర్తుంది. మొదలుపెట్టాను, నిజమే, క్షమించమని అప్పుడు అడగలేదు, ఇప్పుడు అడుగుతున్నా అన్నాను. దానికి వాడేమీ అనలేదు. నాకు వీడియోలు పంపడం మానేశాడు. మిగతా గ్రూపుల్లో పంపుతూనే ఉన్నాడని మా తమ్ముడు చెప్పాడు.